సమాధానం: అమ్మాయి అన్నం మానేస్తే ఇంట్లోవాళ్లు చేయవలసింది

సత్యనారాయణపురం అక్కగారూ, ఇంటర్ చదివే మీ అమ్మాయి నెలల తరబడి రెండు ముద్దలతో లేచిపోతోందని, నెలసరి ఆగిందని, తిట్టినా బతిమాలినా వినడం లేదని రాశారు. ఇది మొండితనం కాదు, లావవుతాననే భయంతో తిండి మానేసే అనొరెక్సియా అనే మానసిక జబ్బు కావచ్చు. మీ పెంపకం తప్పు అసలే కాదు, ఆ నింద వేసుకోకండి.

ముందు విజయవాడ ప్రభుత్వాసుపత్రిలో గానీ గుంటూరు జీజీహెచ్‌లో గానీ మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. నాడి, బీపీ, ఈసీజీ, రక్తంలో పొటాషియం, ఫాస్ఫరస్ చూడమని అడగండి. కళ్లు తిరిగి పడిపోతే మాత్రం నేరుగా ఎమర్జెన్సీకే. బాగా చిక్కిపోయిన పిల్లకు ఒక్కసారిగా ఎక్కువ పెడితే ఫాస్ఫరస్ పడిపోయి గుండెకే ముప్పు, కనుక మొదట్లో ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

ఇక ఇంట్లో పని. 1980లలో లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో రూపుదిద్దుకున్న కుటుంబ చికిత్సలో భోజనం బాధ్యత కొంతకాలం పూర్తిగా తల్లిదండ్రులదే. మీరే వడ్డించి పక్కన కూర్చోండి. "ఈ పప్పన్నమే నీకు మందు, తినేదాకా నేనిక్కడే ఉంటాను" అనండి. క్యాలరీల మీద వాదనకు దిగవద్దు. తిన్నాక గంటసేపు మాటల్లో పెట్టండి, వెళ్లి వాంతి చేసుకునే వీలుండదు.

"పుల్లలా అయిపోయావు" అనే నానమ్మగారికీ, రేపు "కాస్త ఒళ్లు చేశావే" అని మెచ్చుకునే చుట్టాలకూ మీవారే గట్టిగా చెప్పాలి. ఆ రెండో మాట ఇంకా లోతుగా గుచ్చుకుంటుంది. రాత్రివేళ దిక్కుతోచకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీమానస్ 14416కు ఫోను చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.