517001 ప్రధాన సంఖ్య కాదన్నా

అన్నా, చిత్తూరు పిన్‌కోడ్ 517001ని 31 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించానని, దేనితోనూ పోలేదు కాబట్టి అది ప్రధాన సంఖ్యేనా అని పాప అడుగుతోందని రాశారు. కాదన్నా. ఇంకొక్క మెట్టు ఎక్కుంటే దొరికేది. తర్వాతి ప్రధాన సంఖ్య 37, దాంతో పోతుంది.

37కి పెద్ద భాగహారం అక్కర్లేదు. 999 అంటే 27 × 37. అందుకే 1000ని 37తో భాగిస్తే శేషం 1. కాబట్టి ఎంత పెద్ద సంఖ్యనైనా కుడివైపు నుంచి మూడేసి అంకెలుగా విడదీసి కూడితే చాలు. 517 + 001 = 518, అది 37 × 14. పాపకి ఈ కారణం కూడా చెప్పండి, ఉత్త చిట్కాగా నేర్పితే వారంలో మర్చిపోతుంది. మా తిరుపతి 517501కి ఇదే చేస్తే 1018 వచ్చింది, శేషం 19, కాబట్టి 37తో పోదు.

ఇక 517001 = 37 × 13973. ఇక్కడ ఆగొద్దు. 13973 వర్గమూలం 118 చిల్లర, అంతవరకే చూడాలి. 89 దగ్గర తెగుతుంది: 89 × 157. మూడూ ప్రధాన సంఖ్యలే.

నాకు బాగా నచ్చింది వేరే ఉంది. 37, 89, 157 మూడింటినీ 4తో భాగిస్తే శేషం 1. అలాంటి ప్రతి ప్రధాన సంఖ్యా రెండు వర్గాల మొత్తమవుతుంది. ఫెర్మా చెప్పిన ఈ మాటని ఆయిలర్ నిరూపించాడు. అవి మూడూ గుణించుకున్నాయి కాబట్టి 517001 ఏకంగా నాలుగు విధాలుగా అలా విడిపోతుంది: 245² + 676² ఒకటి, 701² + 160² ఇంకొకటి. మిగతా రెండూ పాపని వెతకమనండి.