కుక్కతో ఎలుకల వేట: స్పేడ్ మీద ఎంత పెట్టొచ్చు?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్‌లో స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. బోర్డర్ టెర్రియర్ అనే చిన్న జాతి వేటకుక్కను పెంచుతున్నాను. చలికాలం ఆదివారాల్లో తోటి ఉద్యోగులతో కలిసి దగ్గర్లోని కోళ్ల ఫారంలో దానితో ఎలుకలు పట్టిస్తుంటాం. బొరియలు తవ్వడానికి 18 పౌండ్లు పెట్టి, కాలితో తొక్కి తవ్వే స్పేడ్ కొంటే కర్రా రేకూ కలిసే మెడ దగ్గర వంగిపోయింది. అదే రకం మళ్లీ కొన్నాను, ఆ సీజన్ దాటకముందే అదీ పోయింది. ఇప్పుడు 95 పౌండ్ల స్టెయిన్‌లెస్ స్టీల్ స్పేడ్ మీద కన్ను పడింది. మా ఆవిడేమో ‘మట్టి తవ్వడానికి పదివేల రూపాయలా?’ అంటోంది. పోనీ ఊళ్లో మా నాన్నగారు వాడే పారనే తెప్పించుకోనా? ఫారం యజమాని ఈమధ్య కాస్త డబ్బు ఇస్తానంటున్నాడు, తీసుకోవచ్చా?

జవాబు: మీ ఆవిడ అడిగినదాంట్లో తప్పేమీ లేదు, లెక్క రూపాయల్లో వేయడమే ఇబ్బంది. పౌండ్లలో సంపాదించి పౌండ్లలో ఖర్చుపెట్టే ఇంట్లో ప్రతిదీ రూపాయల్లోకి మార్చి చూసుకుంటే కాఫీ కూడా గొంతు దిగదు. ఏడాదికి ఎంత పడుతోందో చూడండి. ఒక్క సీజన్‌లో రెండు స్పేడ్లు పోయాయి, అంటే 36 పౌండ్లు. 50 పౌండ్ల ప్రాంతంలో గట్టి స్పేడ్ కొని, ఆరేళ్లు వాడి, మధ్యలో ఒకసారి 12 పౌండ్లతో కర్ర మార్పించారనుకుందాం. మొత్తం 62, ఏడాదికి పది పౌండ్ల పైచిలుకు. ఆరేళ్లు మరీ ఎక్కువ అనిపిస్తే రెండేళ్లే అనుకోండి, కర్ర ఖర్చు లేకుండా ఏడాదికి 25. అప్పటికీ ఇప్పుడు మీరు పెడుతున్నదాని కంటే తక్కువే. ఈ మూడు లెక్కల్లో అన్నిటికంటే ఖరీదుగా తేలేది ఆ 18 పౌండ్లదే.

అలాగని 95 పౌండ్లది కొనమనను. స్టెయిన్‌లెస్ రేకుకు జిగురు మట్టి అంతగా అంటుకోదు, తుప్పు పట్టదు. పూలమడులు తవ్వేవాళ్లకు అది సుఖమే. మీరు తవ్వేది రాళ్లు, వేర్లు, పాత ఇటుక ముక్కలు కలిసిన ఫారం నేల. అక్కడ కావలసింది అంచు మొద్దుబారితే ఆకురాయితో సానపెట్టుకోగలిగే మామూలు కార్బన్ స్టీల్. తుప్పు సంగతంటారా, పని అయ్యాక కడిగి, తుడిచి, కాస్త నూనె రాస్తే సరిపోతుంది. మెరుపు కోసం 45 పౌండ్లు ఎక్కువ పెట్టడం నాకైతే నచ్చలేదు.

మీ రెండు స్పేడ్లూ మెడ దగ్గరే ఎందుకు పోయాయో చూస్తే ఏది కొనాలో తెలుస్తుంది. చవక రకాల్లో పలుచని రేకును అచ్చులో నొక్కి, చివర చుట్టగా మడిచి అందులో కర్ర దూరుస్తారు. ఆ మడత వెనకవైపు తెరుచుకునే ఉంటుంది. వేరు కింద పెట్టి పైకెత్తారంటే మీ బరువంతా ఆ మడత మీదే పడుతుంది, అక్కడే వంగుతుంది. ఫోర్జింగ్ చేసిన, అంటే ఉక్కును కాల్చి కొట్టి తయారుచేసిన స్పేడ్‌లో రేకూ కర్ర దూరే గొట్టమూ ఒకే ఉక్కు ముక్క నుంచి సాగదీసినవి. గొట్టం చుట్టూ మూసి ఉంటుంది, లేదంటే రెండు ఉక్కు పట్టీలు కర్ర మీదకు సాగి రివెట్లతో బిగించి ఉంటాయి. అందుకే దుకాణంలో రేకు కంటే ముందు స్పేడ్‌ను తిరగేసి మెడ చూడండి. కర్ర యాష్ చెక్కదై, నార నిలువుగా సాగుతూ ఉండాలి. విరిగితే విడిగా కర్ర దొరుకుతుందో లేదో కూడా అడగండి. దొరకదంటే ఎంత మంచి స్పేడైనా వదిలేయండి.

ఇక ఆకారం. టెర్రియర్లతో తిరిగేవాళ్లు చాలామంది పొడవాటి సన్నని డ్రెయినింగ్ స్పేడ్ చూపించి ఇదే కావాలంటారు. లోతైన గోతులకు అది బాగుంటుంది. మీరు పట్టేది గోధుమరంగు ఎలుకల్ని, వాటి బొరియలు మామూలుగా అర మీటరు లోతు దాటవు. కాబట్టి రాబిటింగ్ స్పేడ్ చాలు: తోటపని స్పేడ్ కంటే ఇరుకు, కిందికి వచ్చేకొద్దీ సన్నబడే రేకు. ఇరుకు రేకైతే తవ్వే మట్టీ తక్కువే, కుక్క మూతి పెట్టిన చోటుకు దూరంగా తవ్వడమూ తేలికే. విగన్‌లో తయారయ్యే బుల్‌డాగ్, షెఫీల్డ్ పేరు మోసే స్పియర్ అండ్ జాక్సన్ రెండు కంపెనీల్లోనూ మంచివీ ఉన్నాయి, మామూలువీ ఉన్నాయి. పేరు చూసి కాదు, మెడ చూసి కొనండి. తొందర లేకపోతే ఆదివారం కార్ బూట్ సేల్స్‌లో, అంటే జనం కారు డిక్కీల్లో పాత సామాను తెచ్చి అమ్మే సంతల్లో తిరగండి. పాతకాలపు ఫోర్జ్‌డ్ స్పేడ్లు పది పౌండ్ల లోపే దొరకొచ్చు. గొట్టంలో పగులు, కర్రలో పురుగు కన్నాలు లేకపోతే కళ్లు మూసుకుని తెచ్చుకోవచ్చు. కర్రకు అవిసె నూనె పట్టించండి. ఆ నూనె గుడ్డను మాత్రం ఉండచుట్టి పడేయకండి, దానంతటదే అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

నాన్నగారి పార ఊళ్లోనే ఉండనివ్వండి. దాన్ని ఎత్తి విసిరి మన వైపుకు లాగాలి. పక్కనే టెర్రియర్ తల దూర్చి ఉన్నప్పుడు అలా విసరడం ప్రమాదం, పైగా విమానంలో లగేజీ బరువు దండగ. అంత ముచ్చటైతే అలాంటి పార అక్కడే అజాడా పేరుతో దొరుకుతుంది.

కుక్క మెడకు కట్టే లొకేటర్ కాలర్ కూడా చూస్తున్నారేమో, ఇప్పుడు వద్దు. అది నేల లోపలికి దూరే కుక్క ఎక్కడుందో తెలుసుకోవడానికి. మీ బోర్డర్ టెర్రియర్ ఎలుక బొరియలో పట్టదు. ఆ డబ్బు పశువైద్యుడి కోసం పక్కన పెట్టండి. ఎలుక మూత్రం నుంచి కుక్కకూ మనిషికీ లెప్టోస్పైరోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు సోకుతుంది కాబట్టి కుక్కకు ఏటా టీకా, మీకు మంచి చేతితొడుగులు తప్పనిసరి. కుక్కకు బీమా ఉంటే పత్రంలో ‘వర్కింగ్ డాగ్’ గురించి ఏం రాశారో చదవండి. వేటకు తీసుకెళ్లినప్పుడు తగిలిన గాయాలకు చెల్లించని పాలసీలు ఉంటాయి.

అన్నిటికంటే పెద్ద ఆర్థిక నష్టం స్పేడ్ తప్పు చోట దిగితే వస్తుంది. 2004 నాటి హంటింగ్ చట్టం ప్రకారం ఇంగ్లండ్‌లో ఎలుకల్ని, కుందేళ్లను కుక్కలతో వేటాడవచ్చు, అదీ స్థలం మీదైతేనో, అక్కడుండే వారి అనుమతి ఉంటేనో. నేలలో పెద్ద బొరియలు తవ్వుకుని ఉండే బ్యాడ్జర్ అనే జంతువుకు అక్కడ చట్ట రక్షణ ఉంది, దాని బొరియ జోలికి మాత్రం వెళ్లకండి. 1992 నాటి చట్టం కింద ఆరు నెలల వరకూ జైలు, పరిమితి లేని జరిమానా ఉన్నాయి, కుక్క కూడా పోవచ్చు. వీసా, సెటిల్‌మెంట్ (శాశ్వత నివాసం) దరఖాస్తుల్లో శిక్షల వివరాలు అడుగుతారు. స్నేహితుల్లో ఎవరైనా ‘ఆ గట్టు కింద పెద్ద బొరియ ఉంది, పద’ అంటే కుక్కకు గొలుసు వేసుకుని ఇంటికి వచ్చేయండి. ఫారం యజమాని అనుమతి కూడా కాగితం మీద రాయించుకుని జేబులో పెట్టుకోండి.

ఇక ఆయన ఇస్తానన్న డబ్బు. పన్ను పరంగా చిక్కు లేదు: సొంతంగా చేసే చిన్న పనుల మీద ఏడాదికి 1,000 పౌండ్ల వరకూ రాబడికి ట్రేడింగ్ అలవెన్స్ అనే పన్ను మినహాయింపు ఉంది. దాన్ని వాడుకుంటే స్పేడ్ ఖర్చును మళ్లీ విడిగా మినహాయించుకోవడం కుదరదు, రెండిట్లో ఒకటే. చిక్కంతా వీసాతో. స్పాన్సర్ చేసిన ఉద్యోగం కాక బయట డబ్బు తీసుకుని చేసే పనికి షరతులుంటాయి. అవి మీ కంపెనీ హెచ్‌ఆర్‌తోనో, రిజిస్టర్డ్ ఇమిగ్రేషన్ సలహాదారుతోనో మాట్లాడి తేల్చుకునేదాకా ఒక్క పౌండ్ కూడా తీసుకోవద్దు.