చెయ్యి మొరాయించినా కథ ఆగనక్కర్లేదు

ప్రశ్న: "రెండు నెలలుగా కుడి మణికట్టు నొప్పి, వేళ్ళ తిమ్మిరి. కథ సగంలో ఆగిపోయింది. ఆరోగ్యం బాగాలేని రచయితలు ఎలా రాస్తారు? బాధలోంచే మంచి సాహిత్యం పుడుతుందంటారు, నిజమేనా? నోటితో చెప్పి రాయిస్తే అది రచన కిందికి వస్తుందా?"

చివరి ముక్కకు ముందు జవాబు చెబుతాను. వస్తుంది. వ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడని చిన్నప్పటి నుంచీ విన్నవాళ్ళం, మనకు ఈ అనుమానమే రాకూడదు. 1934లో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు చెప్పుకుంటూ పోతుంటే తమ్ముడు వెంకటేశ్వర్లు రాసిపెట్టారు. ఆ నవల ఎవరిదంటే విశ్వనాథదే అంటాం కదా.

ఇక బాధలోంచి సాహిత్యం పుడుతుందన్న మాట. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. నొప్పి ముందు తినేసేది ధ్యాసని. నాలుగు పాత్రలున్న సన్నివేశంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుపెట్టుకునే శక్తి మణికట్టు సలుపుతున్న మనిషికి ఉండదు. జబ్బుపడి కూడా గొప్పగా రాసినవాళ్ళ చుట్టూ చూడండి, ఎవరో ఒకరు ఏదో ఒక ఏర్పాటు చేసి ఉంటారు. జబ్బును పొగిడి ఆ ఏర్పాటును మరిచిపోవడం వల్ల ఎంతోమంది పళ్ళబిగువున రాస్తూ చెయ్యి పూర్తిగా పాడుచేసుకుంటున్నారు.

కాబట్టి ముందు చెయ్యి సంగతి. "మణికట్టు నొప్పి" అన్నది ఒకే జబ్బు పేరు కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలిలో సగం తిమ్మిరెక్కి చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటే, మణికట్టు లోపల మీడియన్ నరం నలుగుతోందని అనుమానించాలి. దాన్నే కార్పల్ టన్నెల్ అంటారు. అర్ధరాత్రి మెలకువ రావడం, చెయ్యి విదిలిస్తే కాస్త తగ్గడం దాని గుర్తులు. చిటికెనవేలు, ఉంగరపువేలిలో మిగతా సగం తిమ్మిరైతే నరం నలిగేది చాలాసార్లు మోచేతి దగ్గర. బల్ల అంచుకు మోచెయ్యి ఆన్చి రాసేవాళ్ళకూ, గంటల తరబడి మోచెయ్యి మడిచి ఫోను చెవికి పెట్టుకునేవాళ్ళకూ ఇది వస్తుంది. మూడోది, బొటనవేలు మొదట్లో మణికట్టు పక్కన పట్టేసే నొప్పి. ఫోన్‌లో రెండు బొటనవేళ్ళతో పేజీలకు పేజీలు కొట్టేవాళ్ళలో ఇదే ఎక్కువ. ఈ మూడింటికీ వైద్యం వేరు వేరు. ఏ వేళ్ళు, ఏ వేళప్పుడు అన్నది వారం రోజులు కాగితం మీద గుర్తుపెట్టి డాక్టరుకు చూపించండి, సగం పని అక్కడే అయిపోతుంది.

కార్పల్ టన్నెల్ అని తేలితే రాత్రిపూట స్ప్లింట్ వేసుకోమంటారు. నిద్రలో మణికట్టు మడతపడకుండా నిటారుగా ఉంచడమే దాని పని. పగలు పెట్టుకుని రాత్రి తీసేస్తే పెద్దగా లాభం లేదు. సుమారు 6 వారాలు వదలకుండా వాడాలి. చాలామంది చేసే తప్పు ఏమిటంటే స్ప్లింట్ బదులు క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకోవడం. అసలే ఇరుకైన చోట ఇంకా బిగిస్తే నరం మరింత నలుగుతుంది. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించుకోండి, ఆ రెండూ తేడాగా ఉన్నవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ. బొటనవేలి కింది కండ పలచబడినా, చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా ఇంట్లో చిట్కాలతో కాలక్షేపం చేయకూడదు, నరం ఎంత బాగా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్షకు వెళ్ళాలి. నొప్పి బిళ్ళ వేసుకుని రాయడానికి కూర్చోవడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. నొప్పి తెలియదు కాబట్టి 20 నిమిషాలకు లేవాల్సినవాళ్ళు రెండు గంటలు కొడతారు.

కీబోర్డుకు వెనక వైపు చిన్న కాళ్ళుంటాయి, వాటిని మడిచేయండి. అవి ఎత్తి పెడితే మణికట్టు పైకి విరిగినట్టు ఉంటుంది. మోచేతులు బల్ల ఎత్తుకు రావాలి, అందుకోసం కుర్చీ మీద దిండు వేసుకున్నా ఫరవాలేదు. తెలుగు టైపింగులో మరో చిక్కుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే చాలా పద్ధతుల్లో ట, డ, ణ, ళ వచ్చినప్పుడల్లా చిటికెనవేలితో షిఫ్ట్ నొక్కిపెట్టాలి. రోజుకు వెయ్యి మాటలు కొట్టేవాళ్ళు ఈ పని ఎన్ని వందలసార్లు చేస్తారో లెక్క వేసుకోండి. విండోస్‌లో షిఫ్ట్ మీటను వరసగా 5 సార్లు నొక్కితే స్టికీ కీస్ కావాలా అని అడుగుతుంది, సరే అనండి. అప్పటినుంచి షిఫ్ట్ ఒకసారి తట్టి వదిలేసి, తర్వాత అక్షరం నొక్కితే చాలు. ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు అక్షరాలకు నేరుగా మీటలుండే కీబోర్డు పద్ధతి) నేర్చుకుంటే "స్త్రీ"కి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని 6 నొక్కులు పడతాయి, కానీ ఒక్కసారి కూడా షిఫ్ట్ అక్కర్లేదు. నొప్పి ఉన్న చేతికి రెండు నొక్కులు ఎక్కువైనా షిఫ్ట్ తప్పడమే మేలు.

చెయ్యికి పూర్తిగా విశ్రాంతి ఇవ్వాల్సి వస్తే నోరే దిక్కు. క్రోమ్‌లో గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కి, భాష తెలుగు పెట్టుకోండి. ఫ్యాను ఆపండి. హెడ్‌సెట్ మైకు నోటికి ఎదురుగా పెట్టుకుంటే ఊపిరి తగిలి మాటలు చెడతాయి, పెదవి చివరన రెండు వేళ్ళ దూరంలో ఉంచండి. ఆలోచిస్తూ కాసేపు మౌనంగా ఉంటే మైకు దానంతట అదే ఆగిపోతుంది, ఎర్రగా ఉందో లేదో చూసుకుంటూ ఉండాలి. ఆగి ఆగి చెప్పే అలవాటున్నవాళ్ళు ముందు ఫోన్‌లో రికార్డు చేసుకుని, తర్వాత దాన్ని వింటూ మళ్ళీ పలకడం మంచిది. తెలుగులో విరామచిహ్నాలు నోటితో పెట్టించే సౌకర్యం లేదు. అందుకని మీ కథలో ఎక్కడా రాని మాటనొకదాన్ని వాక్యాంతానికీ, మరొకదాన్ని సంభాషణ మొదలుకూ అనుకుని పలకండి. చివర్లో ఒకేసారి వెతికి మార్చేయొచ్చు.

పేర్ల దగ్గర జాగ్రత్త. యంత్రం "పైడితల్లి" లాంటి పేరును ఒకసారి ఒకలా, మరోసారి మరోలా రాస్తుంది. సులువైన పేరు పెట్టి చెప్పి, తర్వాత మార్చుకోండి. కానీ ఆ పేరు కూడా అదే అచ్చుతో ముగియాలి. "లక్ష్మి" అని చెబితే లక్ష్మికి, లక్ష్మిని అన్నవి పైడితల్లికి, పైడితల్లిని అని సరిగ్గా మారతాయి. "సీత" అని చెప్పారా, సీతకు, సీతను కాస్తా పైడితల్లికు, పైడితల్లిను అవుతాయి. నవలంతా కూర్చుని దిద్దుకోవాల్సిందే. యాస విషయంలో మరీ ఇబ్బంది. శ్రీకాకుళం మాటనైనా కరీంనగర్ మాటనైనా యంత్రం పత్రికల భాష వైపు లాగుతుంది. యాసలో నడిచే సంభాషణలున్న కథకు మనిషే రాసిపెట్టాలి. ఇంత కష్టపడి యూనికోడ్‌లో తయారుచేసిన కథను, యూనికోడ్ కాని పాత అనూ ఫాంట్‌లోకి మార్చి పంపమని అడిగే సంపాదకులు ఇప్పటికీ ఉన్నారు. మార్చినప్పుడు వత్తులు ఊడిపోతే ఆ తప్పులు రచయిత ఖాతాలో పడతాయి. చేతులు బాగోని మనిషిని అడగకూడని పని ఇది.

రాసిపెట్టే మనిషి దొరికితే మొదటిరోజే మూడు మాటలు అనుకోండి. సలహాలు చెప్పకూడదు. మాట అర్థంకాకపోతే అక్కడే ఆపి అడగాలి. పేరా అవగానే చదివి వినిపించాలి. అవతలి వ్యక్తి మొహం చూస్తూ చెబితే మీకు తెలియకుండానే వాళ్ళకు నచ్చేలా కథ మారుతుంది, కాబట్టి పక్కగా కూర్చోబెట్టండి. చెప్పిన రోజున దిద్దొద్దు. నోటితో చెప్పిన చిత్తుప్రతిలో "మరి", "అప్పుడు", "అంటే" గుట్టలుగా ఉంటాయి, అది సహజం. మర్నాడు పెద్ద అక్షరాల్లో అచ్చుతీసి, చదువుతూ ఏవి కొట్టేయాలో చెప్పండి. గొంతుకు కూడా అలుపు వస్తుంది. 20 నిమిషాలకొకసారి ఆపి మంచినీళ్ళు తాగాలి, ఇంట్లో మాట్లాడే గొంతు కన్నా పెంచకూడదు.

చెప్పేముందు తలలోనే కూర్చుకోవడం ఇందులో అసలైన నైపుణ్యం. దీనికి నాకు తెలిసిన గట్టి సాక్ష్యం ఫ్రాన్స్‌లో ఉంది. జాన్ డొమినిక్ బోబీ ఎల్ అనే ఫ్యాషన్ పత్రిక ఫ్రెంచి సంచికకు సంపాదకుడు. 1995 డిసెంబరు 8న, 43 ఏళ్ళ వయసులో, మెదడు కాండంలో పక్షవాతం వచ్చింది. దాదాపు మూడు వారాలకు స్పృహ వచ్చేసరికి ఒళ్ళంతా చచ్చుబడింది, మాట లేదు, మిగిలింది ఎడమకంటి రెప్ప. బుద్ధికీ భాషకూ ఏ లోటూ రాలేదు. ఫ్రెంచిలో ఏ అక్షరం ఎక్కువ వాడతారో ఆ వరసలో అక్షరమాల మార్చి రాశారు. ఇ, ఎస్, ఎ, ఆర్, ఐ, ఎన్, టి అని మొదలై డబ్ల్యూతో ముగుస్తుంది. ఎదురుగా ఉన్న మనిషి ఆ వరస చదువుతూ పోతే, కావలసిన అక్షరం దగ్గర ఆయన రెప్ప కొట్టేవాడు. 1996 వేసవిలో క్లోద్ మాందిబిల్ అనే ఆమె ఇలా ఒక్కో అక్షరం ఏరుతూ పుస్తకం మొత్తం రాసిపెట్టింది. దానికి సుమారు 2 లక్షల రెప్పపాట్లు పట్టాయని చెబుతారు. 1997 మార్చిలో పుస్తకం వచ్చింది, కొద్దిరోజులకే ఆయన పోయాడు.

ఆమె వచ్చేలోపే ఆయన పేరా మొత్తం తలలో తయారుచేసుకునేవాడు. ఒక్కో వాక్యాన్ని పదేసిసార్లు నలిపి, మాట తీసి, మాట చేర్చి, కంఠతా పట్టేవాడు. అక్షరానికి అంత ఖర్చున్నప్పుడు చెబుతూ దిద్దడం కుదరదు మరి. అర్జెంటీనా రచయిత బోర్హెస్ కూడా 1955 నాటికి చదవలేనంతగా చూపు పోయాక ఛందోబద్ధ కవిత్వానికి మళ్ళాడు, ఛందస్సు ఉంటే పద్యం తలలో నిలుస్తుందని. ఈ విద్య మనకు కొత్తా? అష్టావధానంలో పద్యం అడిగిన ఒక్కో పృచ్ఛకుడికి చుట్టుకొక పాదం చెబుతూ, మధ్యలో గంటల లెక్కలూ అప్రస్తుత ప్రసంగాలూ తట్టుకుని, చివర పద్యాలన్నీ ధారణ చేస్తారు. ఉత్పలమాలలో పదో అక్షరం యతి అనీ, రెండో అక్షరం ప్రాస అనీ తెలిస్తే జ్ఞాపకానికి పట్టు దొరుకుతుంది. వచనానికి యతి లేదు కాబట్టి ప్రతి పేరాకూ ఒక వస్తువును కొక్కెంలా పెట్టుకోండి: చెప్పులు, రేడియో, తడిసిన తువ్వాలు. అయిదు వస్తువులు గుర్తుంటే అయిదు పేరాలు వరసగా వస్తాయి.

ఇక్కడే మరో సంగతి చెప్పాలి, ఎవరింట్లోనైనా అవసరం పడొచ్చు. మన వర్ణమాల రెప్పతో రాయడానికే పేర్చినట్టు ఉంటుంది. హల్లులను క నుంచి ఒక్కొక్కటే చదువుతూ పోతే "న" 20వది. ముందు వర్గం అడిగి, తర్వాత ఆ వర్గంలో అక్షరం అడిగితే 4, 5 కలిపి 9 పిలుపులకే వస్తుంది. ఎక్కువ వాడే వర్గాలను ముందుకు తెచ్చి త, య, ప, క, స అని మొదలుపెట్టి, త వర్గంలో కూడా న, త, ద, ధ, థ అని చదివితే "న"కు 2 పిలుపులు చాలు. ఙ, ఞ తీసేయండి. రెప్ప కొట్టకపోతే తలకట్టు అనీ, కొడితే గుణింతం చదవాలనీ అనుకోండి. అమ్మ, అక్క, నాన్న లాంటి మాటలు మనకు ఎక్కువ కాబట్టి, అదే అక్షరం వత్తుకు రెండు రెప్పపాట్లు పెట్టుకోండి. సున్నకు విడిగా ఒక గుర్తు ఉండాలి. అయితే పక్షవాతం భాషకే తగిలినవాళ్ళకు ఈ చార్టు పనిచేయదు, వాళ్ళకు స్పీచ్ థెరపిస్టు కావాలి.

చార్టు చదివేవాళ్ళు తొందరపడి మాటను ఊహించేయకూడదు. బోబీ కళ్ళజోడు అడగబోతే మొదటి అక్షరాలు చూసి, చంద్రుడితో మీకేం పని అన్నారు. ఫ్రెంచిలో ఆ రెండు మాటలూ ఒకేలా మొదలవుతాయి. తెలుగులో ఇంకా కష్టం, "రాము" అనగానే రాముడా, రాములమ్మా అన్నది తెలియదు. అడిగి, ఔననిపించుకునే రాయాలి.

మీకు ఇంతదాకా రాలేదు, మీ జబ్బు సమయానికి చూపిస్తే తగ్గేదే. ఈ వారమే డాక్టరు దగ్గరకు వెళ్ళండి. రేపు పొద్దున ఆగిన కథలో చివరి పేరా ఒకరిచేత చదివించుకుని, ఫోన్‌లో రికార్డరు పెట్టి, ఆ తర్వాతి వాక్యం నుంచి 20 నిమిషాలు చెప్పండి. మొదటి మూడు రోజులూ మీ గొంతు మీకే కొత్తగా ఉంటుంది, అప్పుడే వినకండి. నాలుగో రోజు విని, పనికొచ్చే వాక్యాల దగ్గర నిమిషాల అంకె మాత్రం ఎడమచేత్తో రాసుకోండి.