పాటకు గొంతు అతకనప్పుడు

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్నాను. నాది ఐదు శ్రుతి. ఘంటసాల గారి పాటొకటి కరోకే ట్రాక్ మీద పాడి మా వాళ్లకి వినిపిస్తే, 'గొంతు బంగారం, పాట మాత్రం పండలేదు' అంటున్నారు. స్వరం ఎక్కడా తప్పలేదు. మరి లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందు ట్రాక్ ఏ శ్రుతిలో ఉందో, అంటే దాని 'స' హార్మోనియంలో ఎన్నో తెల్ల మెట్టు మీద ఉందో చూడండి. మగవారి పాట, ట్రాక్ ఒకటి శ్రుతి, నడక మంద్ర పంచమం (కింది స్థాయి 'ప') నుంచి తార గాంధారం (పై స్థాయి 'గ') దాకా అనుకుందాం. గాయకుడి స్థాయిలోనే అందుకుంటే ఆ మంద్ర పంచమం మీ ఐదు శ్రుతి లెక్కలో మంద్ర షడ్జమం (కింది స్థాయి 'స'). అక్కడ మాట పలకదు, గాలే వస్తుంది. పోనీ అని ఒక స్థాయి పైకెత్తితే ఆ తార గాంధారం మీకు తార ధైవతం (పై స్థాయి 'ద') అయి కూర్చుంటుంది. అక్కడ లాలించాల్సిన మాట కూడా అరుపైపోతుంది. రెండుచోట్లా స్వరం తప్పకపోవచ్చు. పాట మాత్రం చచ్చిపోతుంది.

పాటనే మీ శ్రుతికి తెచ్చుకోవాలి. నల్ల మెట్లూ తెల్ల మెట్లూ కలిపి లెక్కిస్తే ఒకటి నుంచి ఐదుకి పైకి ఏడు మెట్లు, కిందికైతే ఐదు. యాప్‌లో ట్రాక్‌ని రెండు మూడు మెట్లు జరిపితే పెద్దగా తెలియదు. అంతకు మించితే, పైకి జరిపినప్పుడు వయొలిన్లు సన్నబడి బొమ్మ వాయిద్యాల్లా వినిపిస్తాయి. కిందికి జరిపితే తబలా మొద్దుబారుతుంది. అందుకే ఇలాంటి పాటకు ట్రాక్ వదిలేసి, హార్మోనియం, తబలాలతో ఐదు శ్రుతిలో పాడటమే మేలు.

సరిపోయిందో లేదో పల్లవితో తేల్చకండి. పాటలో అన్నిటికంటే పై స్వరం సాధారణంగా చరణంలో ఉంటుంది. ఆ మాటను, అకారంతో కాకుండా సాహిత్యంతోనే, వరసగా పదిసార్లు పాడండి. పదోసారికీ మెడ నరం బిగుసుకోకపోతే ఆ శ్రుతి మీది. బిగుసుకుంటే ఒక మెట్టు దించండి.

రెండో సంగతి గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల, సుశీల ఇద్దరూ శాస్త్రీయం క్షుణ్ణంగా నేర్చినవారే. అయినా సినిమా పాటలో గమకాన్ని మాట మోయగలిగినంతే వేశారు. మీ రికార్డింగు విని, ఏ అక్షరం దగ్గర అర్థం కంటే ఊపు ముందు చెవిన పడుతోందో గుర్తు పెట్టుకోండి. అక్కడ కంపితం (స్వరాన్ని వణికించే గమకం) తీసేసి స్వరాన్ని నిలకడగా పట్టండి. కచేరీ అలవాటున్న గొంతుకి ఇదే కష్టమైన సాధన.

ప్రశ్న: మా కాలేజీ పోటీకి తప్పెటగుళ్ల పాటొకటి ఎంచుకున్నాం. పాడే అమ్మాయి బాగా పాడుతుంది. కానీ అది మన పాటలా లేదు, లలితగీతంలా ఉంది.
– ఒక విద్యార్థి, పలాస

జవాబు: ఎదకు కట్టిన తప్పెట వాయిస్తూ, గజ్జెకాళ్లతో అడుగేస్తూ ఆరుబయట పాడే పాట అది. అక్షరాలు పొట్టిగా పడతాయి, చరణం కొసను వంతవాళ్లు అందుకుంటారు. ఒక్కరే నిలబడి కొసను సాగదీస్తే వంతకు చోటుండదు, అడుగూ పడదు. ముందు రాగం లేకుండా చప్పట్ల మీద మాటలు మాత్రం చెప్పించండి. దరువు కుదిరాకే వరస ఎత్తించండి. వంతకి కనీసం ముగ్గురు కావాలి.

మాటలు దిద్దకండి. 'ఏటి', 'ఎల్లిపోనాడు' అన్నవి 'ఏమిటి', 'వెళ్లిపోయాడు' అయ్యాయంటే అక్షరాల లెక్క మారి దరువు తప్పుతుంది, ఊరూ మాయమవుతుంది. ఆ అమ్మాయిది మన ఉత్తరాంధ్ర యాస కాకపోతే మీ ఊరి పెద్దావిడ ఎవరి చేతనైనా చెప్పించి, ఫోన్లో రికార్డు చేసుకుని నేర్పండి. యాసను నవ్వించడానికి అన్నట్టు పలికితే మాత్రం వేరే పాట చూసుకోవడం మంచిది.

ప్రశ్న: హుషారు పాటను నెమ్మదిగా, గిటారుతో మాత్రమే పాడాలని ఉంది. ఊపిరి చాలడం లేదు.
– ఒక పాఠకుడు, రాజాం

జవాబు: నిమిషానికి 100 దెబ్బల పాటను 80కి తగ్గిస్తే 8 సెకన్ల పంక్తి 10 సెకన్లవుతుంది. అందుకే 'చందమామ' లాంటి మాట 'చంద' దగ్గర తెగి, 'మామ' ఊపిరి తీశాక వస్తోంది. ముందు కాగితం మీద ఊపిరి గుర్తులు పెట్టుకోండి, అవి మాటల మధ్యే ఉండాలి. అలా కుదరకపోతే 90 దగ్గర ఆగండి. అప్పుడు పంక్తికి దాదాపు 9 సెకన్లు చాలు. ఇంకో మాట. దరువే ప్రాణమైన పాటలు కొన్నుంటాయి. డప్పు తీసేశాక గిటారు మీద మీ పాటలో పల్లవి రెండోసారి వచ్చేటప్పటికే విసుగనిపిస్తే, దాన్ని అసలు వేగంలోనే పాడండి.