పెద్ద ట్యాంకులో మన చెరువు చేపలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హాల్లో ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అక్వేరియం కట్టిస్తున్నాం. షాపుల్లో అమ్మే విదేశీ రంగు చేపలు వద్దనుకుంటున్నాం. మన చెరువు చేపలే కావాలి. రోహు, బొచ్చె, కొర్రమీను పిల్లలు, పరకలు కలిపి వేయవచ్చా?
– హనుమకొండ పాఠకుడు

జవాబు: కలిపి వేయకండి. రోహు, బొచ్చె వేలెడంత ఉన్నప్పుడు ముచ్చటగానే ఉంటాయి. కానీ చెరువులో ఏడాదికే కిలో దాకా తూగే జాతులవి. ట్యాంకులో ఎదుగుదల మందగిస్తుందే తప్ప ఆగదు. బెదిరితే ఎగిరి మూతకు, అద్దానికి గుద్దుకుంటాయి, మూతులు చిట్లుతాయి. కొర్రమీనుకైతే నోట్లో పట్టిన ప్రతి చేపా మేతే. పెద్ద ట్యాంకు ఉందంటే పెద్ద చేపల మీదికే మనసు పోతుంది గానీ, ఇంత చోటున్నప్పుడే చిన్న చేపలు గుంపుగా తిరగడం చూడగలం. మేం చెప్పేది చిన్నవాటి గుంపులే వేసుకోమని.

ముందు బరువు సంగతి చూసుకోండి. మీ కొలతలకు నిండా పోస్తే 680 లీటర్లు పడతాయి. నీళ్లు, 12 మిల్లీమీటర్ల అద్దం, అడుగున ఇసుక అన్నీ కలిపి 900 కిలోల దగ్గరికి వస్తుంది. కింది అంతస్తులో గట్టి నేలైతే దిగుల్లేదు. మేడ మీదైతే ఇంజినీరుకు చూపించకుండా పెట్టకండి. అడుగున జల్లెడ పట్టిన సన్న ఇసుక రెండంగుళాలు చాలు. మన దగ్గర క్రషర్లలో చవగ్గా దొరికే గ్రానైట్ చిప్స్ వద్దు, అడుగున తిరిగే చేపల పొట్టలు, మీసాలు ఆ పదునుకు కోసుకుపోతాయి. రాళ్లు పెట్టాలనుకుంటే ముందు వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టే, వాడకండి.

ఇక చేపలు. పేర్లు ఇంగ్లీషులో ఉన్నా అన్నీ మన దేశపువే. పైనీళ్లలో జెయింట్ డానియోలు పది, రాస్‌బోరాలు పన్నెండు వేసుకోండి. ట్యాంకులో రెండూ సాధారణంగా నాలుగంగుళాలు దాటవు, రోజంతా ఈదుతూనే ఉంటాయి. డానియోలు ఎగురుతాయి కాబట్టి మూతలో వేలు పట్టే సందు కూడా ఉండకూడదు. నడిమి నీళ్లకు పరకలు ఎనిమిది, టిక్టో బార్బులు పన్నెండు. పరకకు ఒంటి మీద నల్లచుక్క తోక మొదట్లో ఒకటే. టిక్టోకు చెంప వెనకాల ఒకటి, తోక దగ్గర ఒకటి. గుడ్లు పెట్టే కాలంలో మగ పరకలకు పక్కన ఎర్రచార తేలుతుంది. ఆ రంగుండగా అవి ఒకదాన్నొకటి తరుముకుంటుంటే ఏ విదేశీ చేపా గుర్తుకు రాదు. గుంపు ఆరుకన్నా తగ్గితే మాత్రం ఇవే చేపలు పక్క చేపల రెక్కలు కొరకడం మొదలుపెడతాయి.

గాజు చేపలు ఎనిమిది వేస్తే ట్యాంకు అందం మారిపోతుంది. ఒంట్లోంచి వెన్నెముక, దాని కింద వెండి సంచిలా పేగులు కనిపిస్తాయి. కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు తీసుకోండి. కింది దవడ బాగా ముందుకు పొడుచుకొచ్చినట్టుంటే అది చందా నామా అనే దాని బంధువు. అది తోటి చేపల పొలుసులు పీక్కుతింటుంది. మనకు కావలసింది పరాంబాసిస్ రంగా. షాపుల్లో ఆకుపచ్చ, గులాబీ గీతలతో దొరికేవి సూదితో రంగెక్కించినవి. వాటిని అసలు కొనకండి. సాదా గాజు చేపలు కూడా పొడి మేత సరిగా ముట్టవు. దోమ లార్వాలో, ఫ్రీజ్ చేసిన పురుగులో పెట్టాల్సిందే.

అడుగుకు ఇసుకలో తల దూర్చి దాక్కునే చిన్న లోచ్‌లు ఎనిమిది చాలు. జెల్లలు రాత్రిపూట చిన్న చేపల్ని మింగుతాయి. ఇంగిలీకం లాంటి ముల్లు జాతులు, అంటే రెక్క ముల్లులో విషముండేవి, పిల్లలున్న ఇంట్లో వద్దు. ఉత్తరాది రోజీ బార్బు కూడా మన దేశపుదే, కానీ దానికి చల్లని నీళ్లు కావాలి. మన ఎండాకాలంలో ఏటేటా నీరసిస్తుంది.

ఫిల్టరు గంటకు 2,500 లీటర్లకు తగ్గకుండా తిప్పాలి. వారానికి 150 లీటర్ల నీళ్లు మార్చండి.

ప్రశ్న: మత్తడి దుంకినప్పుడు కాలువలో పట్టిన పరకలు, గాజు చేపలు తెచ్చి కొత్త ట్యాంకులో వేశాం. పది రోజుల్లో సగం చచ్చిపోయాయి. కొన్నింటి ఒంటికి దారపు ముక్కల్లాంటివి వేలాడుతున్నాయి. మందేమిటి?
– నర్సంపేట పాఠకురాలు

జవాబు: రెండు తప్పులు ఒకేసారి జరిగాయి. కొత్త ట్యాంకులో చేపల మలం నుంచి పుట్టే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఉండదు. అది స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపలు లేకుండా ఫిల్టరు నడుపుతూ రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, దాన్నుంచి పుట్టే నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల్ని దించాలి, అదీ పదేసి చొప్పున, రెండు వారాల ఎడంతో. నల్లా నీళ్ల క్లోరిన్ చేపలకే కాదు, ఆ బ్యాక్టీరియాకు కూడా చేటే. ఒక రోజు ఎయిర్ పంపు పెట్టి ఉంచండి, లేదా వంద లీటర్లకు ఒక గ్రాము హైపో, అంటే క్లోరిన్‌ను విరిచే సోడియం థయోసల్ఫేట్, కలపండి.

దారాల్లాంటివి లెర్నియా అనే పరాన్నజీవులు. తల చేప కండలో దిగి ఉంటుంది. చేపను తడిబట్టలో పట్టుకుని, పట్టకారుతో చర్మానికి ఆనించి మొదలు దగ్గర లాగాలి. కొస పట్టి లాగితే తెగిపోయి తల లోపలే మిగిలి పుండవుతుంది. తీశాక కూడా నీళ్లలోని గుడ్ల నుంచి కొత్తవి పుడుతూనే ఉంటాయి. అందుకే చెరువు చేపల్ని ముందు 80 లీటర్ల టబ్బులో నాలుగు వారాలు విడిగా ఉంచి, వారానికి రెండుసార్లు లైటు వెలుతురులో పరీక్షించాలి. లీటరుకు మూడు గ్రాముల కల్లుప్పు, అంటే ఆ టబ్బుకు 240 గ్రాములు, రెండు రోజుల్లో కొద్దికొద్దిగా కలపండి. లోచ్‌లుంటే అందులో సగమే. ఉప్పుతో లెర్నియా రాలిపోదు, పుండ్లు మానడానికి పనికొస్తుంది.

ఇంకో మాట. చెరువు చేపల మీద హక్కు సాధారణంగా ఊరి మత్స్య సహకార సంఘానిది, వాళ్లనడిగి తీసుకోండి. పాకాల అభయారణ్యంలో అనుమతి లేకుండా పట్టకండి. పెంచలేక విసిగినా ట్యాంకు చేపల్ని చెరువులో మాత్రం వదలకండి, రోగాలు కూడా వాటితోపాటే వెళ్తాయి.

ప్రశ్న: కొర్రమీను ఒక్కటే పెంచవచ్చా?
– కరీంనగర్ పాఠకుడు

జవాబు: పెంచవచ్చు, కానీ ఆరడుగుల ట్యాంకు దానికొక్కదానికే ఇవ్వాలి. మన రాష్ట్ర చేప మీటరు దాకా పెరిగే జాతి. అది పైకొచ్చి గాలి పీలుస్తుంది కాబట్టి నీటికీ మూతకూ మధ్య మూడంగుళాల ఖాళీ తప్పనిసరి, నిండా పోస్తే ఊపిరాడక చస్తుంది. మూత మీద బరువు పెట్టండి, తలతో ఎత్తేస్తుంది.

ప్రశ్న: మే నెలలో నీళ్లు 34 డిగ్రీలకు చేరుతున్నాయి. ఐస్ వేయవచ్చా?
– మంచిర్యాల పాఠకుడు

జవాబు: వద్దు, ఉన్నట్టుండి వేడి తగ్గితే చేపలు తట్టుకోలేవు. మూత తీసి వల కప్పి, నీటి పైభాగానికి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి, రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కనుక ఎయిర్ పంపు రాత్రింబవళ్లు ఆడాలి, మేత సగానికి తగ్గించాలి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ పంపు ఒకటి ముందే కొనిపెట్టుకోండి. ఆవిరైన నీటికి బదులు బోరు నీళ్లే పోస్తూ పోతే లవణాలు పేరుకుంటాయి, ఆర్వో నీళ్లు పోయండి.