క్రిస్మస్‌కు అందరికీ సెలవు, దీపావళికి ఎవరి సెలవు వారిది

ప్రశ్న: అమెరికా వచ్చి ఏడాది కావస్తోంది. సమానత్వం గురించి గంటల తరబడి మాట్లాడే సహోద్యోగులే, దీపావళికి సెలవు అడిగితే వింతగా చూస్తున్నారు. క్రిస్మస్‌కు ఆఫీసే మూసేస్తారు. ఇది వివక్ష కాదా?

జవాబు: వారికి మీపై ద్వేషం ఉందని అనుకోకండి. 1870 నుంచి ఇక్కడ క్రిస్మస్ సమాఖ్య ప్రభుత్వ సెలవు. పుట్టినప్పటి నుంచీ క్యాలెండరు తమకు అనుకూలంగా ఉన్నవారికి అందులో మతం కనిపించదు. ఆఫీసు హాల్లో చెట్టు నిలబెట్టి దీపాలు చుడితే అది అందరి సంబరం; మీ బల్లపై అరచేతంత వినాయకుణ్ణి పెట్టుకుంటే అది మీ మతం. న్యూజెర్సీలోని బెర్గెన్ కౌంటీలో ఇప్పటికీ ఆదివారం బట్టల దుకాణాలు తెరవరు. ఇలాంటి ఆంక్షలు చర్చి ఆచారం నుంచి పుట్టినా, ఇప్పుడవి అందరి విశ్రాంతి కోసమేనంటూ 1961లో సుప్రీంకోర్టు మేరీలాండ్ చట్టాన్ని సమర్థించింది. మన పండగలకు అంత సులువుగా ఆ హోదా రాదు. న్యూయార్క్ నగరంలో ప్రభుత్వ బడులకు దీపావళి సెలవు చట్టంగా మారింది 2023లో. ఉగాది ఊసు ఇంకా ఎవరూ ఎత్తడం లేదు!

మీరు సెలవు అడగవచ్చు. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ మతాచారాలకు వెసులుబాటు ఇవ్వాలి. జీతంతో కూడిన సెలవే ఇవ్వాలని లేదు. పని వేళలు మార్చవచ్చు, మరొకరితో మార్పిడికి ఒప్పుకోవచ్చు. ‘మాకు ఇబ్బంది’ అని ఒక్క ముక్కతో తోసిపుచ్చడం మాత్రం 2023 నుంచి కష్టమైంది. ఆదివారం పని చేయనన్న పెన్సిల్వేనియా తపాలా ఉద్యోగి కేసులో, వ్యాపారానికి గణనీయమైన భారం పడుతుందని యాజమాన్యమే చూపించాలని సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ ఉద్యోగి ఎవాంజెలికల్ క్రైస్తవుడు. మీ లక్ష్మీపూజకు అండగా నిలిచే తీర్పు ఆయన పోరాటం వల్లే వచ్చిందన్నది వాదనలకు దిగేవారు గుర్తుంచుకుంటే మంచిది.

ఇక మన గురివింద సామెత సంగతి. ఇక్కడ క్రైస్తవ ఆధిక్యం గురించి ఆవేశపడే మనవారిలో చాలామందికి ఊళ్లో మన ఆధిక్యం కనిపించదు. ప్రభుత్వ కార్యాలయానికి కొత్త జీపు వస్తే కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. పక్కన నిలబడ్డ క్రైస్తవ గుమాస్తా ఏమనుకుంటాడో మనకు పట్టదు. హిందువుగా ఉన్నప్పుడు షెడ్యూల్డ్ కులం హోదా ఉన్న వ్యక్తి క్రైస్తవం తీసుకుంటే 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఆ హోదా పోతుంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అందులో చోటిచ్చారు. క్రైస్తవులకు, ముస్లింలకు ఇవ్వలేదు. ఆంధ్రప్రదేశ్‌లో అలాంటి క్రైస్తవులు బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకోవాలి. ఊరి బావి దగ్గర వారి కులం మారిందా అని ఎవరినైనా అడగండి.

ఇక్కడి తెలుగువారి కార్యక్రమం కూడా గణపతి ప్రార్థనతోనే మొదలవుతుంది. అందులో తప్పు పట్టను, నాకూ ఇష్టమే. కానీ పక్క కుర్చీలో మెడలో శిలువ గొలుసు వేసుకున్న గుంటూరు అమ్మాయి కూర్చుంటే, ‘మీవాళ్లు ఎప్పుడు మారారు?’ అని పలకరింపుగా అడగకండి. ఆమె మీ ఆఫీసులోనూ ‘ఇండియన్ అయి ఉండీ క్రిస్టియనా?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పుకునే వస్తోంది. పైగా ఆమెకు ముఖ్యమైన గుడ్ ఫ్రైడే ఇక్కడ సమాఖ్య సెలవు కాదు. మీలాగే ఆమె కూడా వెసులుబాటు అడుక్కోవాల్సిందే.

అడిగేది ఏదైనా ఈమెయిల్‌లో, కనీసం నెల ముందు అడగండి. మన పండగ తిథిని బట్టి మారుతుందని అందులోనే ఒక వాక్యం రాయండి. 2025లో దీపావళి అక్టోబరు 20న వచ్చింది, 2026లో నవంబరు 8న. ఆ సంగతి ముందే చెప్పకపోతే మీ మేనేజరు నిరుటి తేదీ చూసి సెలవు ఖరారు చేసేస్తారు.