ఓడ కళ్లెదుటే ఉంది, ఆఖరి బోటు వెళ్లిపోయింది... ఖర్చు ఎవరిది?

ప్రశ్న: మాది గుంటూరు, అరండల్‌పేట. విజయవాడలో ఒక ట్రావెల్ ఏజెంటుకు ఇద్దరికీ కలిపి రూ.6.40 లక్షలు కట్టి, 2025 సెప్టెంబరులో బార్సిలోనా నుంచి మధ్యధరా క్రూయిజ్‌కు వెళ్లాం. ఫ్రాన్స్‌లో విల్‌ఫ్రాంష్ అనే చిన్న ఊళ్లో దిగి, ఏజెంటే విడిగా అమ్మిన వ్యాన్ టూరులో మొనాకో చూసొచ్చాం. ఆయనిచ్చిన కాగితంలో ‘ఓడ 6కు బయల్దేరుతుంది, 5.30కు రేవు దగ్గర డ్రాప్’ అని ఉంది. వ్యాన్ 5.20కే దింపింది. కానీ ఓడకు చేర్చే ఆఖరి బోటు 5కే వెళ్లిపోయిందన్నారు. నీస్‌లో హోటలు, రోమ్‌కు విమానం, మర్నాడు ఓడ ఆగే చివితావెక్కియా రేవు దాకా టాక్సీ, అన్నీ కలిపి రూ.1.18 లక్షలు అయింది. ఆ తర్వాత ఇటలీలో శాంటా మార్గరీటా అనే ఊళ్లో గాలి ఎక్కువగా ఉందని ఓడ ఆపనే లేదు. రెండింటికీ పరిహారం వస్తుందా? ఏజెంటేమో ‘మేం మధ్యవర్తులం, టికెట్ షరతుల ప్రకారం విదేశీ కోర్టుకు వెళ్లండి’ అంటున్నారు.

జవాబు: మొదటిదాంట్లో మీకు ఏజెంటు మీద మంచి కేసుంది. రెండోదాంట్లో దాదాపు లేదు. రెండూ కలిపి రాస్తే బలమైనది కూడా పలచబడుతుంది.

విల్‌ఫ్రాంష్‌లో పెద్ద ఓడలు గట్టును ఆనుకోవు. ఊరి ముందు సముద్రంలోనే లంగరు వేసి, టెండర్లనే చిన్న బోట్లలో జనాన్ని ఒడ్డుకు చేరుస్తాయి. చాలాసార్లు ఓడకున్న లైఫ్‌బోట్లే టెండర్లు. వాటిని మళ్లీ పైకి లాగి కట్టాలి, మనుషుల లెక్క చూసుకోవాలి, ఆపైన లంగరెత్తాలి. అందుకే 6కు కదిలే ఓడకు ఆఖరి బోటు 5కో, 5.30కో ఉంటుంది. బెజవాడ స్టేషన్‌లో 6 గంటల బండిని 5.55కు వెళ్లి ఎక్కినట్టు ఇక్కడ కుదరదు. ఇది ప్రయాణికుడికి తెలియకపోవచ్చు. క్రూయిజ్‌లు అమ్మేవాళ్లకు తెలియకపోతే ఎలా? టెండర్ రేవులో 5.30కు డ్రాప్ అని రాయడమంటే, వ్యాన్ సమయానికి వచ్చినా మీరు ఓడ ఎక్కలేని టూరును అమ్మడమే. వినియోగదారుల రక్షణ చట్టం 2019లో సెక్షన్ 2(11) చెప్పే సేవాలోపం ఇదే. డ్రైవర్ పది నిమిషాలు ముందే దింపాడని మీరు రాశారు. అది మీకు మేలు. ట్రాఫిక్ వల్ల ఆలస్యమైందన్న సాకు ఏజెంటుకు మిగల్లేదు.

ఓడవాళ్లే అమ్మిన టూరులో వెళ్లి ఉంటే, ఆలస్యమైనా మామూలుగా ఓడ ఆగుతుంది, లేదా వాళ్లే తర్వాతి రేవుకు చేరుస్తారు. బయటి టూరుకు ఆ పూచీ ఉండదు. కాబట్టి క్రూయిజ్ కంపెనీ ఎందుకు ఆగలేదన్న వాదన పెట్టుకోకండి. ఆ దారిలో వెళ్తే విదేశీ కోర్టు షరతు నిజంగానే అడ్డొస్తుంది. ఆ షరతు మీకూ క్రూయిజ్ కంపెనీకీ మధ్యది. ఏజెంటు తన బిల్లు మీద అమ్మిన వ్యాన్ టూరుకు దాంతో సంబంధం లేదు.

‘మధ్యవర్తులం’ అన్నమాటకు ఆధారంగా ఆయన లాయరు కాంట్రాక్టు చట్టం సెక్షన్ 230 చూపిస్తారు: వేరొకరి తరఫున చేసిన ఒప్పందానికి ఏజెంటు సొంతంగా బాధ్యుడు కాడని. వ్యాన్ టూరు వోచరు చూడండి. దాని మీద ఎవరి పేరుంది, జీఎస్టీ నంబరు ఎవరిది? అసలు యజమాని పేరు బయటపెట్టని ఏజెంటు సొంతంగా బాధ్యుడని అదే సెక్షన్ అనుకుంటుంది. వోచరు మీద ఆయన సంస్థ పేరొక్కటే ఉంటే ఆ వాదన నిలవదు.

మీ కేసులో నొప్పి పుట్టే చోటు కూడా చెప్పాలి. ముందు రోజు రాత్రి ఓడలో ప్రతి గదికీ డైలీ ప్రోగ్రామ్ అనే కాగితం వస్తుంది, లేదా ఫోన్ యాప్‌లో కనిపిస్తుంది. అందులో ఆఖరి టెండర్ సమయం స్పష్టంగా ఉంటుంది. సాధారణంగా పోర్ట్ ఏజెంటు, అంటే రేవులో ఓడ కంపెనీ తరఫున ఉండే ప్రతినిధి, ఫోన్ నంబరూ ఉంటుంది. ‘అది చూసుకోకపోవడం మీ తప్పు కాదా?’ అని కేసు విచారించే వినియోగదారుల కమిషన్ అడుగుతుంది. చూశామని, కానీ టూరు అమ్మినవారి సమయాన్నే నమ్మామని నిజమైతే అలాగే చెప్పండి. చూడకపోతే చూడలేదనే ఒప్పుకోండి. అఫిడవిట్‌లో అబద్ధం దొరికితే రూ.1.18 లక్షలూ పోతాయి. నిజం చెబితే కొంత కోత పడొచ్చు, అంతే.

ఇక గాలి సంగతి. సముద్రంలో భద్రత విషయంలో కెప్టెన్ నిర్ణయానికి కంపెనీ కూడా అడ్డు రాకూడదని సోలాస్ అంతర్జాతీయ ఒప్పందమే చెబుతుంది. రేవు మార్చే, మానేసే హక్కు టికెట్ షరతుల్లోనూ ఉంటుంది. పొగమంచు వల్ల ఢిల్లీ నుంచి హైదరాబాద్ విమానం ఆలస్యమైన కేసులో, ఆలస్యం సేవాలోపం కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. గాలికీ అదే తర్కం. ఆ రేవు పన్నులు, ఓడవాళ్ల దగ్గర కొన్న టూరు డబ్బు మాత్రం తిరిగి రావాలి. ఓడలోని మీ ఖాతా బిల్లులో జమ అయ్యాయేమో చూడండి. శాంటా మార్గరీటాలో కూడా ఏజెంటే టూరు అమ్మి ఉంటే ఆ సొమ్ము అడగండి. చేయని టూరుకు డబ్బు ఉంచుకునే హక్కు ఆయనకు లేదు.

కేసు వేయడానికి విజయవాడ దాకా రానక్కర్లేదు. వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2)(డి) ప్రకారం ఫిర్యాదుదారు ఉండే చోటే వేయొచ్చు కాబట్టి గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. జిల్లా పరిధి రూ.50 లక్షల వరకు. చూసేది అడిగే పరిహారాన్ని కాదు, కట్టిన ధరను. రూ.5 లక్షలు దాటి 10 లక్షల లోపు కాబట్టి ఫీజు రూ.200. ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. ముందు ఏజెంటుకు 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. తప్పనిసరి కాదు గానీ, చాలామంది ఏజెంట్లు ఈ దశలోనే బేరానికొస్తారు. కేసు వేశాక ఆయన జవాబుకు 30 రోజులు, మహా అయితే ఇంకో 15. అంతకుమించి ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

నష్టం లెక్కలో హోటలు, విమానం, టాక్సీ బిల్లులు, కార్డు స్టేట్‌మెంటు, వ్యాన్ టూరు ధర, మానసిక వేదనకు నమ్మదగిన మొత్తం రాయండి. పది లక్షలని రాస్తే మిగతా లెక్కను కూడా అనుమానంగా చూస్తారు. విదేశీ టూరు ప్యాకేజీ మీద ఏజెంటు వసూలు చేసే టీసీఎస్ పన్ను కలపొద్దు, అది మీ ఐటీ రిటర్నులో సర్దుబాటయ్యే సొమ్ము. వాట్సాప్ సంభాషణల ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63(4) సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువీకరణ, జత చేయండి. ఫోన్ మార్చినా పాతది పారేయకండి.

షెంగెన్ వీసా కోసం తీసుకున్న ప్రయాణ బీమా పాలసీ కూడా తీసి చదవండి. వీసాకు కావలసింది 30,000 యూరోల వైద్య రక్షణే గానీ, కొన్ని పాలసీల్లో ప్రయాణం తప్పిపోతే ఇచ్చే కవర్ కూడా ఉంటుంది. అది ఎక్కువగా విమానాలకే వర్తిస్తుంది, అందుకని పెద్ద ఆశ పెట్టుకోకండి.

గడువు రెండేళ్లు. ఓడ తప్పిన రోజు నుంచి లెక్క, అంటే 2027 సెప్టెంబరులో అదే తేదీ. మధ్యలో ఎన్ని నోటీసులు పంపినా అది పెరగదు. ఈలోగా ఈ వారమే క్రూయిజ్ కంపెనీకి మెయిల్ పెట్టి రెండు అడగండి: ఆ రోజు విల్‌ఫ్రాంష్ డైలీ ప్రోగ్రామ్ కాపీ, మీ ఇద్దరి క్రూయిజ్ కార్డుల గ్యాంగ్‌వే రికార్డు. దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు గీసిన కార్డు సమయాలన్నీ అందులో ఉంటాయి. విల్‌ఫ్రాంష్‌లో దిగి, మళ్లీ చివితావెక్కియాలో ఎక్కారని రుజువు చేసేది అదే.